పాత ఫ్యాక్టరీలో కొత్త కాపురం

లాఫ్టు అనగానే మనకు గుర్తొచ్చేది వంటింట్లో స్లాబుకు కాస్త కిందగా వుండే ఆ సిమెంటు బల్ల. పెళ్లినాటి ఇత్తడి గంగాళాలు, సంక్రాంతికి తప్ప కిందికి దిగని అరిసెల మూకుడు, పిల్లల పాత పుస్తకాలు, పనికిరావని తెలిసీ పారెయ్యలేని సామానంతా అక్కడే వుంటుంది. మన పెద్దవాళ్లు దాన్నే అటక అనేవారు. అలాంటిది, అమెరికాలో వున్న పిల్లలు ఫోను చేసి “అమ్మా, మేమొక లాఫ్టు కొంటున్నాం” అంటే తల్లి కంగారు పడదూ? “అదేమిటే, అటక మీద కాపురమా?” అని మా అక్కయ్య నిజంగానే అడిగింది.

అటక కాదండీ. ఒకప్పుడు ఫ్యాక్టరీగానో గిడ్డంగిగానో పనిచేసి, మూతబడి, బూజుపట్టి వున్న పాత భవనాన్ని బాగుచేసి, ఒక్కొక్క అంతస్తునూ వాటాలు వాటాలుగా విడగొట్టి ఇళ్లుగా అమ్ముతారు. ఆ వాటానే అక్కడ లాఫ్టు అంటారు. గదులు తక్కువ, జాగా ఎక్కువ. పన్నెండు పద్నాలుగు అడుగుల ఎత్తున కప్పు, పూతలేని ఎర్ర ఇటుక గోడలు, మనిషి నిలువెత్తు కిటికీలు. మా అక్కయ్య కూతురూ అల్లుడూ న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో ఇలాంటిదే చూసి ముచ్చటపడ్డారు. ఆ రోజుల్లో నేనూ నాలుగు నెలలు వాళ్ల దగ్గరే వుండటం వల్ల, ఇల్లు చూడటం దగ్గర్నుంచి కాగితాలు తిరగెయ్యడం దాకా అన్నీ కళ్లారా చూశాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని కాబట్టి నాకు అర్థమయ్యేదాకా అడుగుతూనే వున్నాను. అదీ ఒక మేలే అయింది లెండి, నేను అడిగిన ప్రశ్నలు కొన్ని వాళ్లకు తట్టనే లేదట.

మనకెందుకీ గొడవ అనకండి. ఈ పాఠకుల్లో పిల్లలు అక్కడ వున్నవారు ఎంతమందో! ఇంటి ముందు సొమ్ములో కొంత ఇక్కడి నుంచి, అంటే మీ ఫిక్స్‌డ్ డిపాజిట్టు నుంచో, అమ్మిన స్థలం నుంచో వెళ్లేదే. డబ్బిచ్చేవారికి అడిగే హక్కు వుంటుంది.

ముందు ఈ ఫ్యాషను ఎలా పుట్టిందో రెండు మాటల్లో చెబుతాను. న్యూయార్కులో హౌస్టన్ వీధికి దక్షిణాన వున్న పేటను సోహో అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో పోత ఇనుముతో ముఖభాగాలు చేసి కట్టిన భవనాలు అక్కడ వరసగా వున్నాయి. బట్టల వ్యాపారాలు, చిన్న చిన్న కార్ఖానాలు వుండేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అవి ఒక్కొక్కటే తరలిపోతే అంతస్తులు ఖాళీ పడ్డాయి. పెద్ద పెద్ద బొమ్మలు గీసే చిత్రకారులకు విశాలమైన జాగా, మంచి వెలుతురు, తక్కువ అద్దె కావాలి. వాళ్లు చప్పుడు చేయకుండా చేరిపోయారు. అక్కడ కాపురం వుండటం అప్పటికి చట్టవిరుద్ధం. వంటగదీ స్నానాలగదీ వాళ్లే అమర్చుకునేవారు, తనిఖీకి ఎవరైనా వస్తే పరుపు చుట్టి దాచేవారు. ఆ పేట మీదుగా పెద్ద రహదారి వేసి అన్నీ పడగొట్టాలన్న పథకం 1969లో రద్దయింది. 1971లో కళాకారులు నివసించడానికి నగరం అనుమతి ఇచ్చింది, 1973లో ఆ పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. ఇలా అద్దెకుండేవారికి రక్షణగా 1982లో లాఫ్టు చట్టం కూడా వచ్చింది. పేదరికం వల్ల మొదలైనది కొన్నేళ్లకే గొప్పవాళ్ల సరదా అయి కూర్చుంది. ధరలు పెరిగి, మొదట చేరిన చిత్రకారులే చాలామంది ఖాళీ చేయవలసి వచ్చింది.

హడ్సన్ నదికి ఇటుపక్కన జెర్సీ సిటీ, హొబోకెన్ వున్నాయి. మీరు పొద్దున్నే పళ్లు తోముకునే కోల్గేటుకు జెర్సీ సిటీలో పెద్ద ఫ్యాక్టరీ వుండేది. 1980లలో అది పోయింది, కానీ 1924 నాటి దాని పెద్ద గడియారం నది ఒడ్డున ఇప్పటికీ వుంది. పిల్లలు వాడే పెన్సిళ్లకు పేరుపొందిన డిక్సన్ ఫ్యాక్టరీని అపార్టుమెంట్లు చేశారు. హొబోకెన్‌లో లిప్టన్ టీ భవనం ఇప్పుడు ఇళ్లే. అక్కడి మాక్స్‌వెల్ హౌస్ కాఫీ ఫ్యాక్టరీ 1992లో మూతబడింది, దాన్ని మాత్రం పడగొట్టి కొత్త భవనాలు లేపారు.

ఎందుకు పోయాయంటారా? 1956లో న్యూఆర్క్ రేవు నుంచి మొదటి కంటైనర్ల ఓడ బయలుదేరింది. అంతకుముందు కూలీలు మూటమూటా మోసి ఎక్కించేవారు. ఇనప పెట్టెల్లో సరుకు నింపి క్రేనుతో ఎత్తడం మొదలయ్యాక విశాలమైన మైదానాలున్న న్యూఆర్క్, ఎలిజబెత్ రేవులకు పని తరలింది, పాత రేవులు వెలవెలబోయాయి. సరుకు లారీల్లో పోవడం మొదలయ్యాక ఫ్యాక్టరీలకు కూడా ఐదారంతస్తుల ఇటుక భవనం బదులు హైవే పక్కన ఒకే అంతస్తు షెడ్డు వీలయింది. మళ్లీ జీవం ఎందుకొచ్చిందంటే, నది కిందుగా పోయే పాత్ రైలు ఎక్కితే కొద్ది నిమిషాల్లో న్యూయార్కు. అక్కడి అద్దెలు భరించలేనివాళ్లు ఇటు వచ్చారు. పాత భవనాలు బాగుచేసేవారికి కేంద్రప్రభుత్వం ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చింది. 2000లో లైట్ రైలు కూడా వచ్చింది.

ఇక్కడొక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. పేట బాగుపడటం అందరికీ బాగుగా జరగలేదు. 1970ల చివర్లో, 1980ల మొదట్లో హొబోకెన్‌లో బీదలుండే అద్దె భవనాలకు వరసగా నిప్పంటుకుంది. పదులకొద్దీ మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది పోర్టోరికో నుంచి వచ్చిన కుటుంబాలవారు. ఖాళీ చేయించడానికి కావాలని అంటించారన్న మాట అప్పుడే బలంగా వచ్చింది. 1987లో జెర్సీ సిటీలో మన ఆడవాళ్ల బొట్టునే వెక్కిరిస్తూ డాట్‌బస్టర్స్ అని పేరు పెట్టుకున్న గుంపు భారతీయుల మీద దాడులు చేస్తామని పత్రికకు ఉత్తరం రాసింది. ఆ ఏడాదే హొబోకెన్ వీధిలో దెబ్బలు తిని ఒక భారతీయుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఈ రోజు అదే ఊళ్లో జర్నల్ స్క్వేర్ దగ్గర మన దుకాణాల వీధిలో గోంగూర కట్టలు కొనుక్కుని, బొట్టూ జడా పెట్టుకుని హాయిగా నడిచి వచ్చాను. అయినా నాతోపాటు నడిచిన ఒక పెద్దావిడ ఆ రోజులు మరిచిపోలేదు.

సరే, ఇంటి సంగతికి వద్దాం. ఆ భవనాల్లోని కొయ్య దూలాలు చూస్తే మన పాత మండువా లోగిళ్లు గుర్తొస్తాయి, అంతకంటే లావు. అంత లావు ఎందుకంటే అగ్నిప్రమాదం భయం. పొయ్యిలో పుల్ల వెంటనే భగ్గుమంటుంది, దుంగ మాత్రం పైన బొగ్గయి లోపల గట్టిగానే వుంటుంది కదా. అదే సూత్రం. ఫైరింజను వచ్చేదాకా దూలం విరగకుండా నిలవాలని ఆ కొలతలు పెట్టారు. కిటికీలు పెద్దవి కావడానికి కారణం కూడా సౌందర్యం కాదు, కరెంటు దీపాలు సరిగా లేని రోజుల్లో కార్మికులకు వెలుతురు కావాలి. ఆ కిటికీల దగ్గర మా అమ్మాయి పెట్టిన కరివేపాకు మొక్క మాత్రం అత్తవారింటికంటే బాగా పెరిగింది.

అందాలు అలా వుంచి, కాపురానికి ఎలా వుంటుందో చూడాలి. అంత ఎత్తు కప్పున్న హాలును చలికాలంలో వెచ్చబెట్టడం ఖర్చుతో కూడిన పని. వేడిగాలి పైకి పోయి దూలాల దగ్గర కూర్చుంటుంది, మనం కింద శాలువా కప్పుకుని కూర్చుంటాం. పాత ఇనప చట్రాల కిటికీలకు ఒంటిపొర అద్దాలుంటే చలి ఆగదు. చారిత్రక భవనమైతే మీ ఇష్టం వచ్చిన కిటికీ పెట్టుకోవడానికి అనుమతి దొరకదు. అందుకని నిరుటి జనవరి, ఫిబ్రవరి నెలల గ్యాసు బిల్లూ కరెంటు బిల్లూ చూపమని అడగాలి. వేసవి బిల్లు చూసి సంతోషించకూడదు.

ఎర్ర ఇటుక గోడ ఫొటోల్లో బ్రహ్మాండంగా వుంటుంది. చాలాచోట్ల పై పూత గీకేసి, ఇసుకను బలంగా చిమ్మి శుభ్రం చేసివుంటారు. ఇటుకకు కాలిన గట్టి తొక్క ఒకటి వుంటుంది, అది పోతే లోపలి మెత్తటి భాగం నీరు పీలుస్తుంది, పొడి రాలుతుంది. అలా ఇసుక చిమ్మవద్దని అమెరికా ప్రభుత్వపు పురాతన కట్టడాల శాఖవారే 1979లో చిన్న పుస్తకం వేసి చెప్పారు. గోడ మీద చెయ్యి రాసి చూడండి, ఎర్రపొడి అంటుకుంటే రోజూ తుడవాల్సింది మీ అమ్మాయే.

చప్పుడు మరొకటి. చెక్క నేల మీద పై ఇంటివాళ్లు నడిస్తే కింద మన నెత్తిన నడిచినట్టే. ఇల్లు చూడటానికి పగలు పది గంటలకు పిలుస్తారు, ఆ వేళకు అందరూ ఆఫీసుల్లో వుంటారు. సాయంత్రం ఏడింటికి మళ్లీ వెళ్లి పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడమన్నాను.

గదుల లెక్క కూడా చూడాలి. పాత ఫ్యాక్టరీ అంతస్తు లోతుగా వుంటుంది, కిటికీలు బయటి గోడకే వుంటాయి. మధ్యలో అడ్డుగోడ కట్టి గది అంటారు, దానికి కిటికీ వుండదు. అలాంటిదాన్ని పడకగదిగా చూపడానికి నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు కనుక ప్రకటనలో డెన్ అని రాస్తారు. కొందరు అడ్డుగోడను కప్పుదాకా కట్టరు. పాప నిద్రపోతున్నప్పుడు మిక్సీ వేసుకోగలమా అన్నది అక్కడ తేలుతుంది. అత్తమామలు వచ్చి ఆర్నెల్లుంటే వాళ్లకు తలుపు వేసుకునే గది వుందా, లేదా? ఇది అడగడానికి మొహమాటపడకండి.

వంటింటి సంగతి మగవాళ్లకు తట్టదు. హాలూ వంటిల్లూ ఒకటే కాబట్టి వాసన పరుపులదాకా వస్తుంది. పొయ్యి మీద చిమ్నీ వుంది కదా అంటారు. అది పొగను గొట్టం ద్వారా బయటికి పంపుతుందా, లేక జల్లెడలో వడకట్టి మళ్లీ మన మొహానే ఊదుతుందా? పాత భవనాల్లో గోడకు కన్నం పెట్టే వీలు లేక రెండోరకం చాలాచోట్ల వుంటుంది. టోస్టూ సాలడూ తినేవారికి అది చాలు. ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టేవారికి చాలదు. పొగ కనిపెట్టే యంత్రం కూతపెడితే పక్కవాళ్లంతా తలుపులు తీసి చూస్తారు.

ఇవన్నీ సర్దుకోగలిగినవి. సర్దుకోలేనిది ఇంకొకటి వుంది, అసలు నేను ఈ ప్రసంగం చేయడానికి కారణం అదే. ఆ భవనంలో ఒకప్పుడు ఏం తయారుచేసేవారు?

హొబోకెన్ గ్రాండ్ స్ట్రీట్‌లో ఐదంతస్తుల ఫ్యాక్టరీ వుండేది. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో అందులో పాదరసం ఆవిరితో వెలిగే దీపాలు చేసేవారు. తర్వాత పనిముట్ల ఫ్యాక్టరీ నడిచింది. 1993లో కొందరు కళాకారులు కలిసి దాన్ని కొని, ఇళ్లుగా స్టూడియోలుగా మార్చుకుని పిల్లాపాపలతో చేరారు. నేల బాగుచేసుకుంటుంటే పలకల కింద వెండిపూసల్లా పాదరసం బొట్లు కనబడ్డాయి. పరీక్ష చేస్తే అక్కడున్నవారిలో చాలామందికి మూత్రంలో పాదరసం వుండాల్సినదానికంటే ఎక్కువ వుందని తేలింది, పిల్లలకు కూడా. 1996 జనవరిలో అందరినీ ఖాళీ చేయించారు. కట్టుబట్టలతో అన్నా తప్పు లేదు, ఎందుకంటే సామానుకు కూడా అది పట్టివుంటుందని భయం. 1997లో ఆ చోటు దేశంలోని ప్రమాదకర స్థలాల జాబితాకెక్కింది. చివరికి భవనాన్ని కూలగొట్టి, కింద మట్టి కూడా తవ్వి తీసేశారు.

థర్మామీటరు పగిలినప్పుడు మీరు చూసేవుంటారు. ఆ బొట్టు చేతికి దొరకదు, సందుల్లోకి జారిపోతుంది. మామూలు గది వేడికే కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. నరాలకు, మూత్రపిండాలకు చెరుపు చేస్తుంది. నేల మీద పాకే పసివాళ్లకు మరీ ప్రమాదం. ఇదొక్కటే అనుకునేరు, 2006లో న్యూజెర్సీలోనే థర్మామీటర్ల ఫ్యాక్టరీగా వుండిన భవనంలో పసిపిల్లల సంరక్షణ కేంద్రం నడుస్తున్నట్టు బయటపడింది. ఆ మరుసటేడాది ఇలాంటి భవనాల్లో శిశుకేంద్రాలు పెట్టడం మీద రాష్ట్రం కొత్త చట్టం చేసింది.

పాదరసమే కాదు, రంగుల ఫ్యాక్టరీలైతే సీసం, బట్టలు శుభ్రం చేసేచోట రసాయన ద్రావకాలు, బాయిలరు గొట్టాలకు ఆస్బెస్టాస్. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. అంతకుముందు కట్టిన ఇల్లు అమ్మేవారు తమకు తెలిసిన సీసం సంగతి చెప్పితీరాలి, కొనేవారికి పరీక్ష చేయించుకోవడానికి పది రోజులు గడువివ్వాలి. చాలామంది ఆ గడువును కాగితం మీద వదులుకుంటూ సంతకం పెడతారు. మీవాళ్లను పెట్టవద్దనండి.

మావాళ్లు చూసిన మొదటి భవనం గురించి ఏజెంటు “వుత్త గిడ్డంగి, సామాను పెట్టేవారంతే” అన్నాడు. అది నిజమో కాదో తెలుసుకోవడం మనకే చేతనవుతుందని అప్పుడు తెలిసింది. అమెరికాలో శాన్‌బర్న్ అనే కంపెనీ 1867 నుంచి అగ్నిబీమా కోసం ఊళ్ల పటాలు గీసింది. ప్రతి భవనం ఇటుకదైతే గులాబీ రంగు, కొయ్యదైతే పసుపు, ఎన్ని అంతస్తులు, లోపల ఏం పని, బాయిలరు ఎక్కడ, అన్నీ రాసిపెట్టారు. మన కరణంగారి కాగితాలు కూడా అంత శ్రద్ధగా వుండవు. వాషింగ్టనులోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వారు ఆ పటాలు చాలావాటిని కంప్యూటర్లో ఎవరైనా ఉచితంగా చూసేలా పెట్టారు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ అమ్మాయీ కూర్చుని వెతికితే, అదే వీధి, అదే మూల భవనం, ఒక పటంలో గిడ్డంగే. దానికంటే పాత పటంలో మాత్రం రంగులూ వార్నీషులూ అని రాసివుంది. ఏజెంటు అబద్ధమాడాడని నేను అనను, అతనికి ఆ చివరి అధ్యాయమే తెలుసు.

దానితో లాయరు చేత కాగితాలు అడిగించారు. న్యూజెర్సీలో 1983 చట్టం ప్రకారం, తర్వాత 1993లో దానికి మార్పులు చేసిన చట్టం ప్రకారం, కొన్ని రకాల ఫ్యాక్టరీలు మూసేముందు, అమ్మేముందు స్థలం శుభ్రం చేసినట్టు రుజువు చూపాలి. లైసెన్సున్న నిపుణుడు పని పూర్తయిందని పత్రం ఇస్తాడు. భూమిలో ఏదైనా మిగిలివుంటే దస్తావేజుకే ఒక షరతు అతికిస్తారు. ఫలానా చోట తవ్వకూడదు, పైన వేసిన సిమెంటు పొర తీయకూడదు అని. అయితే ఒక చిక్కుంది. 1983కు ముందే మూతబడిన ఫ్యాక్టరీకి ఈ చట్టం కింద కాగితమే వుండదు. అంటే ఎంత పాత ఫ్యాక్టరీ అయితే అంత జాగ్రత్తగా వెతకాలి. ఇళ్లుగా మార్చినప్పుడు బిల్డరు చేయించిన ఫేజ్ వన్ అనే చరిత్ర నివేదిక వుంటుంది, దాన్ని అడగాలి. అవసరమైతే సొంత ఖర్చుతో గాలి పరీక్ష, ధూళి పరీక్ష చేయించాలి. ఇంటి ధరతో పోల్చితే ఆ ఖర్చు పెళ్లి భోజనంలో పచ్చడిపాటి.

ఆ భవనం సంఘంవారు ఉత్తరాలకు సరిగా జవాబివ్వలేదు. పెరటి కింద షరతు వుందన్నారు, నివేదిక మాత్రం చూపలేకపోయారు. అమ్మాయి రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు, ఆ కిటికీలు అంత నచ్చాయి దానికి. “పిన్నీ, అంతమంది వుంటున్నారు కదా, మనకేమవుతుంది?” అంది. పది నెలల పిల్ల నేల మీద పాకుతోంది, నేనేం చెప్పను? “అంతమందిలో ఎవరైనా అడిగారేమో కనుక్కోవే” అన్నాను. అల్లుడు అడిగాడు. ఎవరూ అడగలేదట. దాన్ని వదిలేశారు. నాలుగు వీధుల అవతల, పటాలన్నిటిలోనూ అట్టపెట్టెల కార్ఖానాగానే కనిపించిన భవనంలో, కిటికీలు కాస్త చిన్నవైనా కాగితాలన్నీ వున్న ఇంటిని చూసుకున్నారు.

కాగితాలన్నానుగా, డబ్బు కాగితాలు కూడా చెబుతాను. మన అపార్టుమెంట్లలో నెలనెలా మెయింటెనెన్సు కట్టినట్టే అక్కడా కట్టాలి. పైకప్పు, లిఫ్టు, బయటి గోడలు అందరివీ. వందేళ్ల ఇటుక గోడ సందుల్లో సున్నం రాలిపోతే మళ్లీ కూరాలి. దానికి సంఘం దగ్గర నిలవ సొమ్ముండాలి. లేకపోతే ప్రత్యేక చందా వేస్తారు. ముప్పై ఇళ్లున్న భవనానికి తొమ్మిది లక్షల డాలర్ల మరమ్మతు వచ్చిందనుకోండి, ఇంటికి సగటున ముప్పైవేలు. నిన్న కొన్నవారూ కట్టాల్సిందే. నెల చందా తక్కువని సంబరపడవద్దు, ఏళ్ల తరబడి నిలవ వేయకుండా తక్కువగా వుంచివుంటారు. ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ అనే చోట 2021 జూన్ 24న పన్నెండంతస్తుల అపార్టుమెంటు అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. దానికి మరమ్మతులు కావాలని తెలుసు, కోటిన్నర డాలర్ల చందా వేయడానికి ఆ ఏప్రిల్లోనే తీర్మానం చేశారు, ఏళ్ల తరబడి వాదించుకున్నాక. అది చూసి న్యూజెర్సీ 2024 జనవరిలో చట్టం చేసింది. పెద్ద భవనాలను ఇంజనీరు తనిఖీ చేయాలి, సంఘాలు ముప్పై ఏళ్లకు సరిపడా నిలవ సొమ్ము ప్రణాళిక వేసుకోవాలి, దాన్ని ఐదేళ్లకోసారైనా తిరిగి లెక్కవేయాలి. ఆ రిజర్వు నివేదిక, రెండేళ్ల మీటింగు మినిట్సు పుస్తకం తెప్పించుకుని చదవాలి. మినిట్సు చదవడం నాకు చాలా ఇష్టమైన పని అయింది. “నాలుగో అంతస్తు మూల ఇంట్లో మళ్లీ నీళ్లు కారాయి” అన్న వాక్యం మూడు మీటింగుల్లో కనిపిస్తే అది మనం కొనబోయే ఇంటి పైదేమో చూసుకోవద్దూ?

పన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో ఆస్తి పన్ను బాగా ఎక్కువగా వున్న రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. డౌన్‌టౌన్‌ను బాగుచేయడానికి నగరంవారు కొన్ని భవనాలకు ఇన్నేళ్లని పన్ను రాయితీ ఇచ్చారు. ప్రకటనలో కనిపించే పన్ను రాయితీది. గడువు రేపో మాపో ముగిస్తే మొత్తం పన్ను మీ అమ్మాయి కడుతుంది. ఏ ఏడు ముగుస్తుందో రాతలో అడగాలి. జెర్సీ సిటీ సుమారు ముప్పై ఏళ్ల తర్వాత 2018లో ఇళ్ల విలువలు తిరగలెక్క వేస్తే, బాగా పెరిగిన డౌన్‌టౌన్‌లో చాలామందికి పన్ను ఒక్కసారిగా పెరిగింది.

వరద కూడా వుంది. ఫ్యాక్టరీలు నది ఒడ్డున ఎందుకు కట్టారు, ఓడల కోసం కదా. 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను వచ్చినప్పుడు హొబోకెన్‌లో సగం ఊరు నీళ్లలో వుంది, పై అంతస్తుల్లో చిక్కుకున్నవారికి సైనికుల లారీలు వచ్చాయి. మనది నాలుగో అంతస్తు, మనకేం అనకూడదు. కరెంటు మీటర్లు, బాయిలరు, లిఫ్టు మోటారు బేస్‌మెంటులో వుంటే నాలుగో అంతస్తువారికీ చీకటే. 2024 మార్చి నుంచి ఆ రాష్ట్రంలో అమ్మేవారు వరద చరిత్ర చెప్పితీరాలి.

ఇక సంతకాలు. అక్కడ ఏజెంటు తయారుచేసిన ఒప్పందం మీద సంతకాలయ్యాక పనిదినాలు మూడు లాయరు పరిశీలనకు ఇస్తారు. ఆ మూడు రోజుల్లో లాయరు కాదంటే ఒప్పందం ఆగుతుంది, ఎవరూ ఏమీ అనకపోతే కట్టుబడిపోతుంది. కాబట్టి లాయరును సంతకానికి ముందే మాట్లాడి వుంచుకోవాలి, తర్వాత వెతికితే మూడు రోజులూ వెతకడంలోనే పోతాయి. అమ్మేవారి ఏజెంటు చెప్పిన లాయరును మాత్రం పెట్టుకోవద్దు.

మీరు డబ్బు పంపేట్టయితే, మన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. అక్కడ అప్పిచ్చే బ్యాంకువారు ఇది బహుమతి, తిరిగి తీర్చనక్కరలేదు అని మీ సంతకంతో ఉత్తరం అడుగుతారు. ఏడాదిలో మీ నుంచి వచ్చినది లక్ష డాలర్లు దాటితే అక్కడి పన్నువారికి అమ్మాయి విడిగా ఒక ఫారం దాఖలు చేయాలి. పన్ను కట్టడానికి కాదు, తెలియజేయడానికి. అది మరిచిపోతే జరిమానా భారీగా వుంటుంది. ఉత్తరం, బ్యాంకు కాగితాలు, పాస్‌పోర్టు నకలు నెల ముందే సిద్ధం చేసుకోండి, చివరి వారంలో ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి.

రిజిస్ట్రేషనుకు ముందురోజో ఆ పొద్దుటో కొనేవారు ఇంటిని చివరిసారి తిరిగి చూసుకోవచ్చు. కుళాయిలన్నీ తిప్పాలి, పొయ్యి నాలుగు మంటలూ వెలిగించాలి, కిటికీలు తీసి వేయాలి. పోపు పెట్టి చూడవే అన్నాను నేను, ఏజెంటు ఒప్పుకోలేదట. అమ్మాయి గిన్నెలో నీళ్లు మరిగించి, చిమ్నీ దగ్గర పల్చటి కాగితం పట్టుకుని చూసింది. కాగితం పైకి లేచి జల్లెడకు అంటుకుంది. అల్లుడు కిందికి పరుగెత్తి వీధిలో నిలబడి చూస్తే గోడకున్న గొట్టంలోంచి ఆవిరి బయటికి వస్తోంది.